పెద్ద కంపెనీనా, తెలిసినవాళ్ల దగ్గరా? అమెరికాలో ట్రక్కు ఎక్కబోతున్న ఒక పాఠకుడి ఉత్తరం

ప్రశ్న

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 43. అక్క పెట్టిన పిటిషన్ మీద ఐదేళ్ల క్రితం గ్రీన్‌కార్డుతో కుటుంబమంతా వచ్చారు. అప్పటి నుంచి ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో పని, ఎక్కువగా రాత్రి షిఫ్టులే. గంటకు 14 డాలర్లు, వారానికి 55 గంటలు. దాచుకున్నదాంట్లోంచి 5,500 డాలర్లు కట్టి ట్రక్కు స్కూల్లో చేరారు. రెండు నెలల క్రితం క్లాస్ ఏ సీడీఎల్, అంటే పెద్ద ట్రెయిలర్ ట్రక్కులు నడిపే లైసెన్సు చేతికొచ్చింది.

ఇప్పుడు ఆయన ముందు మూడు దారులున్నాయి. మొదటిది, దేశమంతా ట్రక్కులు తిప్పే ఒక పెద్ద కంపెనీ. ఐదు వారాలు ట్రైనర్‌తో తిరగాలి, ఆ తర్వాత మైలుకు 52 సెంట్లు. మూడు వారాలు రోడ్డు మీద ఉంటే మూడు రోజులు ఇంట్లో. చేరినందుకు 3,000 డాలర్ల బోనస్. రెండోది, వాళ్ల జిల్లా మనిషే నడుపుతున్న 12 ట్రక్కుల కంపెనీ. లోడు కిరాయిలో 28 శాతం, ప్రతి వారాంతం ఇంటికి రావచ్చు, కానీ జీతం 1099 మీద, అంటే ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా. నడిపిన గంటలు నమోదు చేసే లాగ్‌బుక్ సంగతి వచ్చినప్పుడు, "లాగ్‌బుక్ గురించి నువ్వు టెన్షన్ పడకు, ఆఫీసులో మేం చూసుకుంటాం" అని ఆ అన్న భరోసా ఇచ్చారట. మూడోది, పెద్ద కంపెనీ రిక్రూటర్ చెబుతున్న లీజ్-పర్చేజ్. ఆరు నెలల తర్వాత కంపెనీ ట్రక్కునే లీజుకు తీసుకుని వారానికి 950 డాలర్లు కట్టుకుంటూ పోతే నాలుగేళ్లలో అది సొంతం అవుతుందట.

ఆయన భార్యకు భయంగా ఉంది. ఆమెకు డ్రైవింగ్ రాదు. అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఐదు. డాక్టరేమో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. "అమెరికా దాకా వచ్చి లారీ తోలడమేంటి?" అని బావగారు అందరి ముందూ అన్నారట. ఊళ్లో ఉన్న నాన్నగారికి ఇంకా చెప్పనేలేదు. "ఈ మూడింట్లో నాకు ఏది మంచిది? అసలు వెళ్లాలా, వద్దా?" అని అడిగారు. చివర్లో, "మీ జవాబు మా ఆవిడ కూడా చదువుతుంది" అని రాశారు.

సమాధానం

మీ ఉత్తరంలో డబ్బు, ఇల్లు, పరువు, ఈ మూడూ చిక్కుపడి ఉన్నాయి. కిరాయి లెక్క రాస్తూ రాస్తూ మధ్యలో బావగారి మాట తెచ్చారు. అమ్మాయి గురించి రాస్తూ మళ్లీ బోనస్ దగ్గరికి వెళ్లారు. నేను వాటిని విడదీసి, ముందు డబ్బు సంగతి చెబుతాను. నిర్ణయం మీరూ మీ ఆవిడా కూర్చుని తీసుకోవాల్సింది. ఏ దారిలో వెళితే ఏమవుతుందో నాకు తెలిసినంత వరకు దాచకుండా చెబుతాను.

రిక్రూటర్ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాడని, "మీలాంటివాళ్లు మాకు కావాలి" అంటున్నాడని రాశారు. సుదూర రవాణా చేసే పెద్ద కంపెనీల్లో డ్రైవర్లు వచ్చిపోయే రేటు ఏడాదికి 90 శాతం దాకా ఉంటుందని ట్రక్కు కంపెనీల సంఘమైన అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ లెక్కలే చాలా ఏళ్లపాటు చెప్పాయి. అంటే వంద సీట్లుంటే ఏడాదిలో తొంభైసార్లు కొత్తవాళ్లను వెతుక్కోవాలి. అన్ని ఫోన్లు వస్తున్నది ఆ సీట్లు ఖాళీ అవుతున్నందుకు. ఆ రిక్రూటర్ చెడ్డవాడని కాదు, సీటు నింపడమే అతని ఉద్యోగం. అతను అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నప్పుడు మీరు అడగాల్సిన మాట ఒక్కటే: "ఇదంతా ఈమెయిల్‌లో రాసి పంపుతారా?" రాసి పంపినవి లెక్కలో వేసుకోండి, మిగతావి వదిలేయండి.

మైలుకు 52 సెంట్లు మంచిదా కాదా అని అడిగారు. ఆ అంకె ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. వారానికి 2,200 మైళ్లు దొరికితే 1,144 డాలర్లు. 1,600 మైళ్లే దొరికితే 832. రెండు వారాల్లోనూ మీరు పనికి ఇచ్చేది ఇంచుమించు అదే 70 గంటలు. రెండో వారంలో గంటకు 12 డాలర్లు కూడా పడలేదు, మీ స్టోర్‌లో వచ్చేదానికంటే తక్కువ. పైగా 1938 నాటి కార్మిక చట్టంలోనే ట్రక్కు డ్రైవర్లను ఓవర్‌టైమ్ నుంచి మినహాయించారు. నలభై గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న ఫెడరల్ నిబంధన మీకు వర్తించదు.

మైళ్లు ఎక్కడ పోతాయో చూపిస్తాను. కొన్నాళ్లు నేను డ్రైవర్లకు లోడ్లు అప్పగించే డిస్పాచ్ డెస్క్‌లో కూర్చున్నాను కాబట్టి ఇది కళ్లారా చూసిన రోజు. తెల్లవారుజామున 4 గంటలకు డ్రైవర్ ట్రక్కు చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు, బ్రేకులు చూసుకుని బయల్దేరతాడు. కిరాణా గోదాములో అపాయింట్‌మెంట్ 6 గంటలకు. 5 గంటలకే గేటు దగ్గర ఉంటాడు. సరుకు దింపాల్సిన డోర్ నంబరు ఇచ్చేది తొమ్మిదిన్నరకు. సరుకు దింపి, సంతకాలు పెట్టి కాగితాలు చేతికిచ్చేసరికి మధ్యాహ్నం 12. నిబంధన ప్రకారం పదిగంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ మొదలైన క్షణం నుంచి 14 గంటల గడియారం తిరుగుతుంది, అందులో 11 గంటలే నడపాలి. అతని గడియారం సాయంత్రం 6 గంటలకు ఆగిపోతుంది. తర్వాతి లోడు ఎత్తుకునే చోటు గంటన్నర దూరం. అక్కడా ఆగాలి. సాయంత్రం అయ్యేసరికి ట్రక్‌స్టాపుల్లో పార్కింగ్ నిండిపోతుంది కాబట్టి ఐదింటికే చోటు వెతుక్కోవాలి. ఆ రోజు మొత్తం 310 మైళ్లు. మైలుకు 52 సెంట్లయితే 161 డాలర్లు, పద్నాలుగు గంటలకు.

ఇలా ఆగిపోయిన సమయానికి ఇచ్చేదాన్ని డిటెన్షన్ అంటారు. చాలా చోట్ల మొదటి రెండు గంటలకు ఏమీ ఉండదు. ఆ తర్వాత కూడా, సరుకు వాళ్ల నుంచి కంపెనీకి వస్తేనే మీకిస్తామనేవాళ్లున్నారు. ఇది జేబుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. లోడింగ్ దగ్గర సగటు నిరీక్షణ 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో అంచనా వేసింది. పోయిన గంటలను రోడ్డు మీద పూడ్చుకోవాలన్న ఆరాటం ఎంతటి నిదానస్తుణ్నయినా తొందరపెడుతుంది. ఒక వెసులుబాటు ఉంది. రెండు గంటలకు మించి ఎదురుచూడాల్సి వస్తే ఆ సమయాన్ని స్లీపర్ బెర్త్ స్ప్లిట్ కింద, అంటే విశ్రాంతిని రెండు ముక్కలు చేసే పద్ధతిలో వాడుకుని 14 గంటల గడియారంలోంచి తీసేయొచ్చు. దానికి జతగా కనీసం ఏడు గంటలు ట్రక్కులోని పడకలో (బెర్త్‌లో) పడుకోవాలి, రెండూ కలిపి పదికి తగ్గకూడదు. మీ ట్రైనర్ చేత ఇది పట్టుబట్టి నేర్చుకోండి. సగం మందికి ఇది సరిగా రాదు.

కాబట్టి పెద్ద కంపెనీని అడగాల్సింది సెంట్ల సంగతి కాదు. మీ టెర్మినల్‌లో (కంపెనీ డిపోలో) మొదటి ఏడాది డ్రైవర్లకు పోయిన మూడు నెలల్లో వారానికి సగటున ఎన్ని మైళ్లు పడ్డాయో అడగండి. డిటెన్షన్ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, గంటకు ఎంత? బండి చెడి షాపులో ఉన్న రోజుకు ఎంతిస్తారు? ఏ మైళ్లకు డబ్బిస్తారు? కొన్ని కంపెనీలు జిప్‌కోడ్ నుంచి జిప్‌కోడ్‌కు లెక్కగట్టే పాత పద్ధతిలో ఇస్తాయి. మీరు నిజంగా నడిపిన దానికంటే అది తక్కువ వస్తుంది. కొన్ని ప్రాక్టికల్ మైల్స్, అంటే ట్రక్కు వెళ్లే రోడ్డు లెక్కన ఇస్తాయి, అది నయం. వారానికి ఇంత తగ్గకుండా ఇస్తామన్న గ్యారంటీ ఉంటే, 55 సెంట్లు చూపించి గ్యారంటీ లేని చోటి కంటే 48 సెంట్లిచ్చే చోటే కొత్తవాడికి మేలు అని నా అభిప్రాయం. ఇంకొకటి, డాలస్ ఎండల్లో ఇంజిన్ ఆపి పడుకోవాలంటే ఏసీ నడిపే ఏపీయూ ట్రక్కులో ఉందా? లేకపోతే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడుపుతూ ఉంచడానికి ఒప్పుకుంటారా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, రాత్రంతా చెమటలో దొర్లినవాడు పొద్దున్నే 36 టన్నుల బండి నడపాలి.

ట్రైనర్‌తో గడిపే ఐదు వారాల గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. నిజానికి అది ఒక తెలియని మనిషితో బాత్రూమంత గదిలో కాపురం. మీకు సీడీఎల్ ఉంది కాబట్టి, మీరు నడుపుతుంటే ట్రైనర్ వెనక పడుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కొందరు ట్రైనర్లు మొదటి వారం నుంచే అలా చేసి ఇద్దరి మైళ్లూ తమ ఖాతాలో వేసుకుంటారు. "నేను నడిపేటప్పుడు మొదటి ఎన్ని గంటలు ట్రైనర్ పక్క సీట్లో ఉండాలని మీ రూలు? కుదరకపోతే ట్రైనర్‌ను మార్చుతారా?" అని అడగండి. రివర్సు చేయడం రోజూ ప్రాక్టీసు చేయించమనండి. కొత్తవాళ్లు చేసే చిన్న చిన్న డ్యామేజీల్లో చాలా భాగం ట్రక్‌స్టాపుల్లో, గోదాముల్లో వెనక్కి వెళ్తున్నప్పుడు జరిగేవే.

3,000 డాలర్ల బోనస్‌కు మురిసిపోకండి. మామూలుగా అది ముక్కలు ముక్కలుగా ఏడాది పొడవునా వస్తుంది. మధ్యలో మానేస్తే ఇచ్చింది తిరిగి కట్టాలా అన్నది కాగితంలో చూడండి. స్కూలు ఫీజు మీరే కట్టుకున్నారు, ఇది మీ చేతిలో ఉన్న పెద్ద బలం. కంపెనీ డబ్బుతో చదివినవాళ్లకు ఏడాది పనిచేయాలని, లేకపోతే వేల డాలర్లు కట్టాలని ఒప్పందం ఉంటుంది. మీకు ఆ సంకెల లేదు. బోనస్ కోసం దాన్ని తెచ్చి తగిలించుకోకండి.

పెద్దదైతే భద్రం అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. 2019 డిసెంబరులో సెలడాన్ అనే పెద్ద కంపెనీ దివాలా తీసినప్పుడు కొందరు డ్రైవర్లకు రోడ్డు మీద ఉండగానే డీజిల్ కొట్టించుకునే కార్డులు పనిచేయకుండా పోయాయి. 2023లో యెల్లో అనే మరో పెద్ద ట్రక్కు కంపెనీ మూతపడి దాదాపు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. ఎక్కడ చేరినా ఇంటికి రావడానికి సరిపడా డబ్బు మీ సొంత ఖాతాలో ఎప్పుడూ ఉంచుకోండి.

ఇక ఆ అన్నగారి కంపెనీ. మీ మనసు అటే మొగ్గుతోందని మీ ఉత్తరమే చెబుతోంది. ప్రతి వారాంతం ఇల్లు, తెలుగు మాట, అవసరానికి ఆదుకుంటాడన్న నమ్మకం. వీటికి విలువ లేదని నేను అనను. చిన్న కంపెనీలన్నీ మోసం చేస్తాయనీ అనను. చాలా చిన్న కంపెనీల్లో డ్రైవర్‌ను పేరుపెట్టి పిలుస్తారు, నంబరుతో కాదు. అయితే ఆయన మాటల్లో రెండు నన్ను కలవరపెట్టాయి.

ఒకటి 1099. బండి ఆయనది, డీజిల్ ఆయనది, ఏ లోడు ఎప్పుడు ఎత్తాలో చెప్పేదీ ఆయనే. అలాంటప్పుడు పన్నుల శాఖ ఐఆర్ఎస్ కొలమానాల ప్రకారం మీరు దాదాపుగా ఉద్యోగి కిందకే వస్తారు, స్వతంత్ర కాంట్రాక్టరు కిందకు కాదు. 1099 మీద అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం మొత్తం మీరే కట్టాలి. డబ్ల్యూ-2 మీద, అంటే ఉద్యోగిగా అయితే అందులో సగం యజమాని భరిస్తాడు. వారానికి 1,400 డాలర్లు వచ్చాయనుకుంటే, ఆదాయపు పన్ను కాక దాదాపు 200 డాలర్లు దీనికే పక్కన పెట్టాలి. చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపించి, పన్ను లెక్క తేల్చే ఏప్రిల్‌లో ఒక్కసారిగా మీద పడుతుంది. ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఉండదు. లోడు కట్టేటప్పుడు పైనుంచి పడి నడుము విరిగితే? టెక్సస్‌లో ప్రైవేటు యజమానులు పనిలో గాయపడినవాళ్లకు అక్కరకొచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తీసుకోవాలన్న నిర్బంధమే లేదు. అందుకని ఇక్కడైనా, పెద్ద కంపెనీలోనైనా ఆ బీమా ఉందో లేదో సూటిగా అడగాలి. 28 శాతం అన్నారు సరే, దేనిలో 28? లోడు ఇప్పించిన బ్రోకర్ కిరాయి ఎంతో రాసిచ్చే రేట్ కన్ఫర్మేషన్ కాగితం ప్రతి లోడుకూ చూపిస్తారా? చూపించకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

రెండోది లాగ్. "ఆఫీసులో చూసుకుంటాం" అన్న మాట దగ్గర నేను చదవడం ఆపి మళ్లీ వెనక్కి వెళ్లాను. 2017 డిసెంబరు నుంచి చాలావరకు ట్రక్కుల్లో ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి. ఇంజిన్‌తో కలిపి ఉండే ఆ పరికరంలో ఆఫీసు నుంచి గంటలు మార్చడమంటే మీ పేరు మీద తప్పుడు రికార్డు రాయడమే. తనిఖీలో దొరికితే అక్కడికక్కడే బండి ఆపేస్తారు, ఆ ఉల్లంఘన మీ పేరు మీదా ఎక్కుతుంది. మూడేళ్ల తనిఖీలూ ఐదేళ్ల ప్రమాదాలూ కనిపించే పీఎస్‌పీ రిపోర్టును రేపు మిమ్మల్ని తీసుకోబోయే ప్రతి కంపెనీ చూడగలదు. ఇక ఆ రోజు నిద్రమత్తులో ఎవరినైనా గుద్దారనుకోండి. కోర్టులో నిలబడేది స్టీరింగ్ పట్టిన మనిషి, ఆ లాగ్ కింద ఉండేది మీ ధ్రువీకరణ. లాగ్ మార్చిన ఆఫీసు కుర్రాడు ఆ రోజు మీ పక్కన ఉండడు. మీరు పోగొట్టుకునేది ఒక ఉద్యోగం కాదు, 5,500 డాలర్లు పోసి తెచ్చుకున్న లైసెన్సు.

అయినా అక్కడికే వెళ్లాలనిపిస్తే, వెళ్లే పద్ధతి ఒకటుంది. ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ వారి సేఫర్ సైట్‌లో ఆయన కంపెనీకి రవాణా శాఖ ఇచ్చిన డాట్ నంబరు కొట్టి చూడండి. ఎన్ని తనిఖీలు జరిగాయి, ఎన్నిసార్లు బండినో డ్రైవర్నో ఆపేశారు, పక్కనే జాతీయ సగటు ఎంత, అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. సగటుకు బాగా పైన ఉంటే ఇక మాట్లాడాల్సిన పని లేదు. బాగుంటే ఆయన దగ్గర కూర్చుని, "అన్నా, డబ్ల్యూ-2 మీద పెట్టుకో, శాతం కొంచెం తగ్గించినా పర్లేదు. నా లాగ్ నేనే రాసుకుంటా, దాన్నెవరూ ముట్టుకోవద్దు" అని చెప్పండి. ఒప్పుకుంటే అది నిజంగా మంచి చోటే కావచ్చు. నొచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే. ఇక్కడ మొహమాటపడితే తర్వాత వాపోయి లాభం లేదు. ఇంకొక సంగతి కూడా చూసుకోండి. 1099 మీద చేసిన ఏడాదిని చాలా పెద్ద కంపెనీలు అనుభవంగా లెక్కించడానికి కాగితాలు అడుగుతాయి. చూపించలేకపోతే మళ్లీ కొత్తవాడి వరుసలోనే నిలబడాలి.

లీజ్-పర్చేజ్ గురించి పొడిగించను. వద్దు అనే చెబుతాను. వారానికి 950 అంటే నాలుగేళ్లకు దాదాపు 1.98 లక్షల డాలర్లు. మీకు జ్వరం వచ్చినా, కంపెనీ లోడు ఇవ్వకపోయినా, బండి షాపులో ఉన్నా ఆ 950 ఆగదు. డీజిల్, మరమ్మతులు, టైర్లు మీవి. లోడు ఇచ్చేదీ, కిస్తీ తీసుకునేదీ ఒకే కంపెనీ కాబట్టి పేచీ వస్తే మీకు బయటికి వెళ్లే తలుపు ఉండదు. ఇలాంటి పథకాలను పరిశీలించడానికి 2021 మౌలిక వసతుల చట్టం కింద ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్, 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో వీటిని నిషేధించాలనే సిఫారసు చేసింది. సొంత ట్రక్కు కల తప్పు కాదు. రెండు మూడేళ్లు నడిపి, ఏ రూట్లో ఎంత మిగులుతుందో తెలిశాక, బ్యాంకు అప్పుతో వాడిన బండి కొనుక్కుంటే లోడు ఎవరి దగ్గర తెచ్చుకోవాలన్నది మీ ఇష్టం.

మీరు రాయని నాలుగో దారి ఒకటుంది. పెద్ద కంపెనీల్లోనే రీజనల్, డెడికేటెడ్ అనే పనులుంటాయి. టెక్సస్, ఓక్లహోమా, లూసియానా, ఆర్కన్సా లాంటి నాలుగైదు రాష్ట్రాల్లోనే తిరుగుతూ, లేదా ఒకే కస్టమర్ గోదాముల మధ్య తిరుగుతూ, వారం వారం ఇంటికి రావచ్చు. మైలు రేటు కాస్త తగ్గవచ్చు. కొన్నిట్లో సరుకు చేత్తో దింపాల్సి ఉంటుంది, 43 ఏళ్ల నడుముకు అది ఆలోచించాల్సిన విషయం. డాలస్ చుట్టూ గోదాములకు కొదవ లేదు. రిక్రూటర్ ముందుగా చెప్పడు, మీరే అడగాలి. రోజూ ఇంటికొచ్చే లోకల్ పనులకు సాధారణంగా ఏడాది, రెండేళ్ల అనుభవం కోరతారు. బీమా కంపెనీల పట్టు అది. అందుకని మొదటి ఏడాదిని ఆ పనులకు ఒక ప్రవేశ టిక్కెట్టుగా చూడండి. ప్రమాదం లేకుండా, ట్రాఫిక్ జరిమానాలు పడకుండా, బండిని మధ్యలో వదిలేయకుండా పన్నెండు నెలలు పూర్తిచేస్తే అప్పుడు ఎంచుకునేది మీరు. కోపంలో ట్రక్కును ఎక్కడో వదిలేసి వస్తే అది ఉద్యోగ చరిత్ర రిపోర్టులో ఎక్కి చాలాకాలం వెంటాడుతుంది. మానేయాలనిపిస్తే బండిని టెర్మినల్‌కు తెచ్చి అప్పగించి మానేయండి. అలాగని మరీ ఆలస్యం కూడా చేయకండి. స్కూలు అయిపోయి నెలలు గడిచిపోతే మళ్లీ రిఫ్రెషర్ చేయమంటారు.

ఎక్కడ చేరినా ఒక హక్కు గుర్తుంచుకోండి. అలసిపోయానని, బ్రేకులు బాగాలేవని, గంటలు అయిపోయాయని నడపడానికి నిరాకరిస్తే అందుకు ఉద్యోగం తీసేయడం 1982 నాటి చట్టం ప్రకారం నేరుగా తప్పు. 180 రోజుల్లోగా కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు. డిస్పాచర్ ఒత్తిడి చేస్తే ఫోన్లో వాదించకండి. మెసేజ్‌లో రాయండి: "నా గంటలు అయిపోయాయి, పది గంటల తర్వాత బయల్దేరతాను." ఆ ఒక్క వాక్యం ఎన్నోసార్లు డ్రైవర్లను కాపాడింది.

షుగర్ విషయం తేలిగ్గా తీసుకోకండి. బోర్డర్‌లో ఉంటే, ట్రక్కు నడపడానికి ఆరోగ్యం సరిపోతుందని డాక్టర్ ఇచ్చే మెడికల్ కార్డుకు అడ్డం కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లకు కూడా 2018 నుంచి దారి ఉంది. కానీ రోజంతా కూర్చుని, ట్రక్‌స్టాపు ఫ్రైడ్ చికెన్ మీద బతికితే బోర్డర్ దాటడానికి ఏడాది చాలు. బీపీ 140/90 దాటితే కార్డు రెండేళ్లకు బదులు ఏడాదికే ఇస్తారు. ట్రక్కులో ఇన్వర్టర్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయా అని అడగండి. ఉంటే రైస్ కుక్కర్‌లో పప్పు, కూర వండుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంగ్లిషు సంగతి భయపడ్డారు. 2025 జూన్ నుంచి రోడ్డు మీద అధికారి ప్రశ్నలకు ఇంగ్లిషులో జవాబు చెప్పలేకపోతే బండి ఆపేస్తున్నారు, అది నిజమే. ఐదేళ్లు కౌంటర్లో నిలబడి అర్ధరాత్రి కస్టమర్లతో మాట్లాడినవారు మీరు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఏం లోడు, ఎన్ని గంటలు నడిపారు, ఈ బోర్డు అర్థమేంటి, వీటికి గట్టిగా, నిదానంగా జవాబు చెప్పడం అబ్బాయితో కూర్చుని ప్రాక్టీసు చేయండి.

బావగారి మాట మీకు ఎంత గుచ్చుకుందో, దాన్ని రెండుసార్లు రాయడంలోనే కనిపించింది. అక్కా ఆయనా మిమ్మల్ని ఇక్కడికి తెచ్చినవారు, ఆయన మాటకు బరువుంటుంది. అయినా ఆ మాట తప్పే. రాత్రంతా తుపాకీ భయంతో కౌంటర్ వెనక నిలబడినప్పుడు పోని పరువు, ఈ దేశం తినేదీ కట్టేదీ మోసుకెళ్తే ఎలా పోతుంది? నాన్నగారికి మీరే చెప్పండి, ఎవరి ద్వారానో తెలియకముందే. వ్యవసాయం చేసిన మనిషి, ట్రాక్టరు నడిపిన మనిషి అని రాశారు. పద్దెనిమిది చక్రాల బండి ఫొటో పంపితే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గేర్లు రా?" అనే అనిపిస్తోంది నాకు. కష్టపడి సంపాదించే కొడుకును చూసి తలదించుకునేవాళ్లు రైతుల్లో తక్కువ.

చివరగా మీ ఆవిడకు. అమ్మా, ఆయన మూడు వారాలు బయట ఉంటే ఇల్లు మొత్తం మీ మీద పడుతుంది. డాలస్‌లో కారు నడపడం రాకపోతే పాపకు జ్వరం వచ్చిన రాత్రి ఎవరినో బతిమాలుకోవాలి. ఈ ఉద్యోగం గురించి మీకున్న భయంలో సగం బహుశా ఇదే. అందుకని ఆయన చేరే తేదీని మీ లైసెన్సుతో ముడిపెట్టండి. మీరు పరీక్ష పాసై, స్కూలుకూ ఆసుపత్రికీ సొంతంగా వెళ్లి రాగలిగాకే ఆయన ఓరియెంటేషన్‌కు బయల్దేరాలి. ఆరేడు వారాలు పడుతుంది, రిక్రూటర్ ఆగుతాడు. ఆయన జీతం పడే ఖాతా, బీమా కార్డులు, డిస్పాచ్ ఆఫీసు రాత్రి నంబరు, ట్రక్కు నంబరు మీ దగ్గర రాసి ఉండాలి. కంపెనీ ఏదైనా సరే, కుటుంబానికి ఆరోగ్య బీమా ఏ రోజు నుంచి మొదలవుతుంది, జీతంలోంచి ఎంత కోస్తారు అన్నది చేరకముందే మీరే చదవండి. అలాగే రైడర్ పాలసీ గురించి అడగమని ఆయనకు చెప్పండి. చాలా కంపెనీలు కొన్ని నెలలు పూర్తయ్యాక, కాగితం మీద అనుమతి తీసుకుని, ఒక కుటుంబ సభ్యుడిని ట్రక్కులో వెంట తీసుకెళ్లనిస్తాయి. పిల్లలకు కనీస వయసు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ అబ్బాయి వయసు చాలా చోట్ల సరిపోతుంది, అమ్మాయికి బహుశా ఇంకో ఏడాదో రెండేళ్లో ఆగాలి.